పెన్‌గంగ అవతలి పత్తి

పదో తరగతిలో జపాన్ పాఠం మీకు గుర్తుండే ఉంటుంది. 1931లో మంచూరియా మీద పడింది. అమెరికా చమురు అమ్మడం ఆపేశాక 1941 డిసెంబరులో ఆగ్నేయాసియా మీదికి దండెత్తింది. ఫ్యాక్టరీలున్న దేశం ముడిసరుకు కొనుక్కోవచ్చు కదా, యుద్ధం దేనికని సార్‌ను అడిగాను. "అమ్మేవాడు ఆపేస్తే?" అన్నారు. దానికి మన పక్కనే ఒక ఉదాహరణ ఉందని చాలా ఏండ్లకు గానీ తెలియలేదు.

ఆదిలాబాద్ దాటి పెన్‌గంగ వంతెన ఎక్కితే అవతల యవత్మాల్ జిల్లా, అంటే పాత బేరార్. రెండు దిక్కులా అదే నల్లరేగడి, అదే పత్తి. 1853 దాకా రెండు ఒడ్లూ నిజాం కిందే ఉండేవి.

ఆ రోజుల్లో లాంకషైర్ మిల్లులకు దూది ఎక్కువగా అమెరికా నుంచి వచ్చేది. అది ఆగిపోతే ఎట్లా అన్న భయం మిల్లు యజమానులది. 1848లో జాన్ బ్రైట్ అధ్యక్షతన పార్లమెంటు కమిటీ ఒకటి భారతదేశంలో పత్తి సాగు మీద విచారణ జరిపింది. ఐదేండ్లకు బేరార్ వాళ్ల చేతికొచ్చింది.

యుద్ధం జరగలేదు. కానీ సైన్యం లేకుండా కూడా జరగలేదు. హైదరాబాద్ కంటింజెంట్ అని ఒక దళం: అధికారులు ఇంగ్లీషువాళ్లు, జీతాలు నిజాం ఖజానావి. జీతాలు బకాయి పడితే కంపెనీయే అప్పిచ్చి వడ్డీ లెక్కగట్టేది. తన నెత్తిన కూర్చున్న ఫౌజుకు తానే బాకీపడటం అన్నమాట! చివరికి డల్హౌసీ ఒత్తిడికి నాసిరుద్దౌలా తలొగ్గి, బేరార్‌తో పాటు రాయచూర్ దోఆబ్‌ను, ధారాశివ్ ప్రాంతాన్ని అప్పగించాడు.

అంతా పత్తి కోసమే చేశారని నేననను. ఫౌజు ఖర్చు రాబట్టుకోవాలన్నదీ నిజమే. కానీ 1860లో 50 లక్షల బాకీ మాఫీ చేసి, రాయచూర్, ధారాశివ్ తిరిగిచ్చినా బేరార్‌ను మాత్రం వదల్లేదు. మరుసటి ఏడాదే అమెరికాలో అంతర్యుద్ధం మొదలై దూది ఓడలు ఆగిపోయాయి. బొంబాయి నుంచి బేరార్ మీదుగా 1867కు నాగపూర్ చేరిన రైలు మార్గానికి ఖామ్‌గావ్, అమరావతి పత్తి బజార్లకు కొమ్మలు కూడా వేశారు. ఇంజనీరును కాబట్టి ఒప్పంద పత్రాల కన్నా పట్టాలు ఎటు పోయాయో చూడటం నాకు అలవాటు.

1902లో కర్జన్ ఏడాదికి 25 లక్షలకు బేరార్‌ను శాశ్వత కౌలుగా రాయించుకున్నాడు. 1936లో నిజాం పెద్ద కొడుక్కు "బేరార్ యువరాజు" అన్న బిరుదు దక్కింది. పాలన మాత్రం ఇంగ్లీషువాళ్లదే.