బాస్కెట్‌బాల్ కనిపెట్టినాయనే కోచ్‌గా ఎక్కువ ఓడిపోయాడు! మరి కాలేజీ టీమ్‌కి ఎలాంటి కోచ్‌ని అడగాలి?

ఈ రోజు ఎపిసోడ్ ఒక మెసేజ్ వల్ల పుట్టింది.

మొన్న మా చోడవరం నుంచి ఒక తమ్ముడు లెటర్ ఫోటో తీసి పంపాడు. డిగ్రీ సెకండ్ ఇయర్, కాలేజీ బాస్కెట్‌బాల్ టీమ్‌లో ఆడతాడు. "అన్నా, మాకు కోచ్ కావాలని ప్రిన్సిపాల్ గారికి రాస్తన్నాం, ఓసారి చూడవా" అన్నాడు. లెటర్‌లో ఒకే ఒక్క కండిషన్ ఉంది: నేషనల్స్ ఆడిన ప్లేయర్‌నే కోచ్‌గా పెట్టాలి.

చదవగానే నవ్వొచ్చింది. ఎందుకంటే మా బీటెక్ రోజుల్లో మేం రాసిన లెటర్‌లోనూ అచ్చం ఇదే లైన్ ఉంది. దాంతో ఏమైందో చివర్లో చెప్తాను. ముందు ఒక 130 ఏళ్ళు వెనక్కి వెళ్దాం.

1891 డిసెంబర్. అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వైఎంసీఏ ట్రైనింగ్ స్కూల్. బయట చలి, లోపల కుర్రాళ్ళకి బోర్. జేమ్స్ నైస్మిత్ అనే టీచర్ పీచ్ పళ్ళ బుట్టలు రెండు పైన కట్టి, 13 రూల్స్ రాసి, ఒక కొత్త ఆట మొదలెట్టాడు. అదే బాస్కెట్‌బాల్.

1898లో కాన్సస్ యూనివర్సిటీ ఆయన్ని ఉద్యోగంలోకి తీసుకుంది. కోచ్‌గా అనుకుంటున్నారా? కాదు. యూనివర్సిటీ ప్రార్థనా మందిరం బాధ్యతలు, వ్యాయామ విద్య చూసుకోడానికి. బాస్కెట్‌బాల్ టీమ్ దాంతోపాటు వచ్చిన పని. 1907 వరకు ఆయన టీమ్ రికార్డు 55 గెలుపులు, 60 ఓటములు. ఇప్పటికీ కాన్సస్ పురుషుల టీమ్ చరిత్రలో గెలుపుల కంటే ఓటములు ఎక్కువున్న కోచ్ ఆయనొక్కడే. ఆటని కనిపెట్టిన మనిషి!

ఆయనకి తెలివి తక్కువని కాదు. ఇది ఆడుకునే ఆటే గానీ కోచ్ పెట్టి నేర్పాల్సిన ఆట కాదని ఆయన ఉద్దేశం. ఆయన దగ్గరే ఆడిన ఫాగ్ అలెన్ మాత్రం అలా అనుకోలేదు. ప్రాక్టీస్‌ని పాఠంలా ప్లాన్ చేయొచ్చని నమ్మాడు. కాన్సస్‌కే కోచ్‌గా వచ్చి 590 మ్యాచ్‌లు గెలిపించాడు. 1952లో నేషనల్ ఛాంపియన్‌షిప్ కొట్టాడు.

మా వైపు బెల్లం వండేటప్పుడు పెనం ఎప్పుడు దించాలో చెప్పే మనిషి ఒకడుంటాడు. కాస్త పాకం నీళ్ళలో వేసి, వేళ్ళతో నొక్కి చూసి చెప్తాడు. చెరుకు బాగా నరికేవాడికి పాకం తెలియాలని రూలేం లేదు. అది వేరే విద్య. ఆడటం, ఆడించడం కూడా అంతే.

దీనికి ఇంకా గట్టి ఉదాహరణ జాన్ మెక్‌లెండన్. 1930ల్లో కాన్సస్‌లో నైస్మిత్ దగ్గర చదువుకున్న నల్లజాతి కుర్రాడు. అప్పట్లో అక్కడ నల్లజాతి విద్యార్థుల్ని యూనివర్సిటీ టీమ్‌లో ఆడనిచ్చేవారు కాదు. అంటే మన తమ్ముడి లెటర్ ప్రకారం ఆయన ఇంటర్వ్యూకి కూడా పనికిరాడు. కానీ టెన్నెసీ ఎ అండ్ ఐ కాలేజీ టీమ్‌కి కోచ్‌గా 1957, 58, 59లో వరసగా మూడు జాతీయ టైటిళ్ళు తెచ్చాడు. 1966లో క్లీవ్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీ ఆయన్ని హెడ్ కోచ్‌గా తీసుకుంది. తెల్లవాళ్ళు ఎక్కువగా ఉన్న యూనివర్సిటీలో ఆ పోస్టుకి వెళ్ళిన మొదటి నల్లజాతి కోచ్ ఆయనే. నేర్పడం వచ్చిన మనిషిని గుర్తించడానికి వాళ్ళకి అన్నేళ్ళు పట్టింది.

సరే, అదంతా అమెరికా. ఇప్పుడు అక్కడ చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ జీతగాళ్ళందరిలో ఎక్కువ జీతం యూనివర్సిటీ ఫుట్‌బాల్ కోచ్‌కో, బాస్కెట్‌బాల్ కోచ్‌కో ఉంటుంది. మన కాలేజీలో ఆ పోస్టే ఉండదు. ఎందుకు?

దానికీ ఒక కథ ఉంది. నైస్మిత్ పాఠాలు చెప్పిన ఆ స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే చదువుకున్న హ్యారీ క్రో బక్ అనే ఆయన మన దేశానికొచ్చి, 1920లో మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల మొదలెట్టాడు. అప్పుడు మన చోడవరం కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. అలాంటి చోట్ల తయారైంది ఒక ఆట కోచ్ కాదు, అన్ని ఆటలూ తెలిసిన వ్యాయామ ఉపాధ్యాయుడు. మన స్కూళ్ళలో పీఈటీ, కాలేజీల్లో పీడీ అనే మాటలు ఆ దారిలోంచి వచ్చినవే. ఒక్కో ఆటకి ప్రత్యేకంగా కోచ్‌ల్ని తయారుచేసే ఎన్‌ఐఎస్, అంటే పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ, 1961లో గానీ రాలేదు. అందుకే ఈ రోజుకీ కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, బాస్కెట్‌బాల్ అన్నీ ఒక్క పీడీ సారే చూసుకోవాలి.

"అయితే పీఈటీ లాంటి వాళ్ళు పెద్ద కోచ్‌లు అవుతారా అన్నా?" అంటారు కదా. సీన్ కట్ చేస్తే హైదరాబాద్. ఆట మారుతుంది, ఫుట్‌బాల్. ప్రశ్న మాత్రం అదే.

సయ్యద్ అబ్దుల్ రహీం. ఉస్మానియాలో చదువుకుని కాచిగూడ, చాదర్‌ఘాట్ లాంటి చోట్ల స్కూల్ టీచర్‌గా పనిచేశాడు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా తీసుకున్నాడు. అందరూ ఆయన్ని రహీం సాబ్ అనేవాళ్ళు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్, ఇండియా టీమ్ రెండూ ఆయన చేతికొచ్చాయి. పోలీస్ టీమ్ 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ కొట్టింది.

ఆయన పద్ధతి చూడండి. కుర్రాళ్ళు బాల్ దగ్గరే ఉంచుకుని డ్రిబ్లింగ్ చేస్తున్నారా? డ్రిబ్లింగే లేని టోర్నమెంట్ పెట్టాడు. ఒకే కాలితో ఆడుతున్నారా? రెండో కాలితోనే ఆడాల్సిన టోర్నమెంట్ పెట్టాడు. తిట్టలేదు, లెక్చర్ ఇవ్వలేదు. తప్పు చేసే వీలు లేకుండా ఆటనే మార్చేశాడు. ఇది అచ్చంగా టీచర్ బుర్ర.

ఓడిపోలేదా అంటే ఘోరంగా ఓడిపోయాడు. 1951 ఏషియన్ గేమ్స్‌లో గోల్డ్ తెచ్చిన టీమే 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో పోయింది. మనవాళ్ళు చాలామంది ఉత్త కాళ్ళతో ఆడారు. ఈ రోజుల్లో అయితే ఆ రాత్రికే కోచ్‌ని పీకేయమని హ్యాష్‌ట్యాగ్ వచ్చేది. అప్పుడు పీకలేదు. ఆ తర్వాత బూట్లు తప్పనిసరి అయ్యాయి. నాలుగేళ్ళకి మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో అదే రహీం సాబ్ టీమ్ ఆస్ట్రేలియాని 4-2తో కొట్టి సెమీఫైనల్ చేరింది.

1962 జకార్తా ఏషియన్ గేమ్స్. మొదటి మ్యాచ్‌లోనే సౌత్ కొరియా చేతిలో 2-0తో ఓటమి. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం సాబ్ అతన్ని డిఫెన్స్‌లోంచి తీసి ముందు వరసలో ఆడించాడు. ఫైనల్లో మళ్ళీ అదే సౌత్ కొరియా. పీకే బెనర్జీ ఒక గోల్, జర్నైల్ సింగ్ ఒక గోల్. 2-1, గోల్డ్ మనదే. అప్పటికే రహీం సాబ్‌కి క్యాన్సర్. 1963 జూన్‌లో చనిపోయాడు. ఆ తర్వాత ఈ రోజు వరకు ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మనకి ఇంకో గోల్డ్ రాలేదు.

ఇప్పుడు మా బీటెక్ కథ. మేం పట్టుబట్టి, తలా కొంత వేసుకుని, బాగా పేరున్న ఒక ప్లేయర్‌ని రెండు వారాలకి తెచ్చుకున్నాం. ఎక్కడి నుంచి వేసినా బాస్కెట్టే! "ఎలా వేస్తున్నారన్నా?" అంటే, "ఇలా వెయ్యాలి" అని మళ్ళీ ఆయనే వేసేవాడు. మేం చప్పట్లు కొట్టేవాళ్ళం. ఇంటర్ కాలేజియేట్‌లో మొదటి మ్యాచ్‌కే ఇంటికొచ్చేశాం.

బస్ ఎక్కుతుంటే మా పీడీ సార్ జేబులోంచి ఒక కాగితం తీసి నా చేతిలో పెట్టారు. "మూడో క్వార్టర్ నుంచి మీ ఎడమ వైపు ఎవరూ వెనక్కి పరిగెత్తడం లేదురా, వాళ్ళ బాస్కెట్లన్నీ అటునుంచే" అన్నారు. ఏ నిమిషానికి ఎవరు అలిసిపోయారో కూడా అందులో రాసుంది. "ముందే చెప్పొచ్చు కదా సార్" అన్నాను. "మీరు నన్ను అడగలేదు కదరా" అన్నారు.

అంతే. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

కాబట్టి తమ్ముడూ, నీ లెటర్‌లో ఆ లైన్ కొట్టేయ్. దాని బదులు మూడు రాయి. ఒకటి, ఎన్‌ఐఎస్ డిప్లొమా ఉన్నవాళ్ళుంటే మంచిది, కానీ ఎవరు వచ్చినా ముందు మీతో ఒక గంట ప్రాక్టీస్ చేయించాలి. ఆయన ఎన్ని బాస్కెట్లు వేశాడో కాదు, మీలో ఎవరి తప్పు పట్టుకుని ఎలా సరిచేశాడో చూడండి. రెండు, వచ్చినాయనకి కనీసం రెండు సీజన్లు టైమివ్వాలి, ఒక్క ఓటమికి పంపేయకూడదు. మూడు, సెలక్షన్‌లో మీ పీడీ సార్ కూర్చోవాలి. ఆ లెటర్ ప్రిన్సిపాల్ గారి టేబుల్ మీదకి వెళ్ళేముందు ఒకసారి ఆయనకి చూపించు. ఏమో, మీకు కావలసిన కోచ్ ఇప్పటికే విజిల్ పట్టుకుని గ్రౌండ్‌లో ఉన్నాడేమో.

మీకు ఆట నేర్పిన పీఈటీ సార్, పీడీ మేడమ్ ఎవరైనా ఉంటే, వాళ్ళు నేర్పిన ఒక్క విషయం కామెంట్‌లో రాయండి. వీడియో వాళ్ళకి కూడా పంపండి. మళ్ళీ కలుద్దాం, ఉంటాను మరి.