ఎమ్యులేటర్లలో ప్రాసెసర్ సమాచార నివేదన

ఒక రకం ప్రాసెసర్ కోసం తయారైన ప్రోగ్రామును మరో రకం ప్రాసెసర్ మీద నడిపించే సాఫ్ట్‌వేర్‌ను ఎమ్యులేటర్ అంటారు. అలా నడుస్తున్న ప్రోగ్రాము ‘ఈ ప్రాసెసర్ ఏది, దీనికి ఏమేం చేతనవును’ అని అడిగినప్పుడు ఏం చెప్పాలి, ఏ దారిన చెప్పాలి అన్నది ఈ వ్యాస విషయం. వర్చువల్ మెషిన్లలో కూడా ఇదే ప్రశ్న ఎదురవుతుంది కాబట్టి రెండింటి చరిత్రా కలిసే నడిచింది.

ఈ జవాబు మీద చాలా ఆధారపడి ఉంటుంది. వీడియో, గూఢలిపి, గణిత లైబ్రరీలు ఒకే పనికి నాలుగైదు రకాల కోడ్ దగ్గర పెట్టుకుని, ప్రాసెసర్ చెప్పినదాన్ని బట్టి ఒకదాన్ని ఎంచుకుంటాయి. ఉన్న సామర్థ్యాన్ని లేదంటే ప్రోగ్రాము నెమ్మదిస్తుంది. లేనిదాన్ని ఉందంటే చెల్లని ఆదేశం దగ్గర ఆగిపోతుంది.

మెయిన్‌ఫ్రేములలో

1970లో ఐబీఎం ప్రకటించిన సిస్టమ్/370 యంత్రాలలో ప్రాసెసర్ గుర్తింపును మెమరీలో రాసిపెట్టే ‘స్టోర్ సీపీయూ ఐడీ’ అనే ఆదేశం ఉండేది. అందులో యంత్రం క్రమసంఖ్య, మోడల్ సంఖ్య వచ్చేవి. ఆపరేటింగ్ సిస్టమ్ మాత్రమే వాడదగ్గ ఆదేశం అది. అందువల్ల 1972లో వచ్చిన వర్చువల్ మెషిన్ సాఫ్ట్‌వేర్ వీఎం/370 దాన్ని మధ్యలోనే పట్టుకుని జవాబు తానే ఇవ్వగలిగింది. వర్చువల్ మెషిన్‌కు ఇచ్చే జవాబులో మొదటి బైటును మొత్తం ఒకట్లతో నింపేది. ఆ గుర్తు చూసి, లోపల ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్ తాను అసలు యంత్రం మీద లేనని గ్రహించేది. మిగతా వివరాలు మామూలుగానే వచ్చేవి. తరువాతి యాభై ఏళ్లలో తిరిగి తిరిగి కనిపెట్టాల్సి వచ్చిన మర్యాద ఇది.

పీసీలలో

ఇంటెల్ తొలి ప్రాసెసర్లకు తమ పేరు చెప్పే ఆదేశమే లేదు. ప్రోగ్రాములు వాటి నడవడిని పరీక్షించి పోల్చుకునేవి. ఫ్లాగ్స్ రిజిస్టర్‌లో పై నాలుగు బిట్లు ఎప్పుడూ ఒకటిగానే ఉంటే అది 8086. రియల్ మోడ్‌లో అవి ఎప్పుడూ సున్నా అయితే 80286. పద్దెనిమిదో బిట్ మార్చినా మారకపోతే 386, మారితే 486. కాబట్టి పాత పీసీని అనుకరించే ఎమ్యులేటర్ ఈ చిన్న చిన్న వింతలను కూడా ఉన్నవి ఉన్నట్టు చూపాలి. డాస్ ఆటలను నడిపించే డాస్‌బాక్స్‌లో ప్రాసెసర్ రకాన్ని ఎంచుకునే వీలు ఉంది. 386 ముందుగా ఆదేశాలను తెచ్చిపెట్టుకునే తీరును కూడా అనుకరించే ఎంపిక అందులో ఒకటి. ఆ తీరు మీదే ఆధారపడ్డ ప్రోగ్రాములు కొన్ని ఉండటమే దానికి కారణం.

1993లో పెంటియంతో పాటు సీపీయూఐడీ ఆదేశం వచ్చింది. అడిగితే తయారీదారు పేరును పన్నెండు అక్షరాలలో, సామర్థ్యాలను ఒక్కొక్క బిట్‌గా చెబుతుంది. ఇంటెల్ ‘జెన్యుయిన్‌ఇంటెల్’ అంటుంది, ఏఎండీ ‘అథెంటిక్‌ఏఎండీ’ అంటుంది. మంచి ఏర్పాటే గాని, సామర్థ్యపు బిట్లను చూడాల్సిన చోట పేరు చూసి నిర్ణయించే అలవాటు ప్రోగ్రాములకు అంటుకుంది. 2008లో ఆర్స్ టెక్నికా పత్రిక వయా నానో ప్రాసెసర్ పేరును ‘జెన్యుయిన్‌ఇంటెల్’గా మార్చి పీసీమార్క్ 2005 పరీక్ష నడిపింది. చిప్‌లో మరేమీ మారలేదు, అయినా మెమరీ స్కోరు సుమారు 47 శాతం పెరిగింది. ఎమ్యులేటర్ రాసేవారు పేరు విషయంలోనూ ఆచితూచి అడుగు వేయాల్సి రావడానికి ఇలాంటి ప్రోగ్రాములే కారణం.

వర్చువల్ మెషిన్లు

సీపీయూఐడీని ఏ ప్రోగ్రామైనా ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడగకుండానే నడపవచ్చు. ఐబీఎం ఆదేశానికీ దీనికీ ఉన్న ఈ ఒక్క తేడా పెద్ద చిక్కు తెచ్చింది. 1999లో వచ్చిన వీఎంవేర్, వర్చువల్ మెషిన్‌లోని ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్ కోడ్‌ను తర్జుమా చేసి నడిపేది, మామూలు ప్రోగ్రాముల కోడ్‌ను మాత్రం నేరుగా ప్రాసెసర్ మీదకు వదిలేది. ఫలితంగా కెర్నల్ అడిగితే వీఎంవేర్ జవాబు చెప్పేది, ప్రోగ్రాము అడిగితే అసలు చిప్ జవాబు చెప్పేది. నడుస్తున్న వర్చువల్ మెషిన్‌ను ఆపకుండా ఒక సర్వర్ నుంచి మరో సర్వర్‌కు తరలించే రోజులు వచ్చాక ఇది ప్రమాదమైంది. ప్రోగ్రాము మొదట్లో ఒక్కసారి అడిగి గుర్తుపెట్టుకుంటుంది. తరువాత అది చేరే సర్వర్ పాతదైతే, అక్కడ లేని ఆదేశాన్ని వాడి కూలిపోతుంది. ఇంటెల్, ఏఎండీలు చిప్‌లోనే సీపీయూఐడీ బిట్లను మరుగుపరచే వీలు కల్పించాక, 2008లో వీఎంవేర్ దాని ఆధారంగా ఒక ఏర్పాటు తెచ్చింది. సర్వర్ల గుంపులో అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న సామర్థ్యాలనే ప్రతి యంత్రమూ ప్రకటిస్తుంది.

2005 చివర్లో ఇంటెల్ తెచ్చిన హార్డ్‌వేర్ వర్చువలైజేషన్‌లో, గెస్ట్ (వర్చువల్ మెషిన్ లోపలి వ్యవస్థ) సీపీయూఐడీ నడిపిన ప్రతిసారీ అదుపు తప్పనిసరిగా హైపర్‌వైజర్ (వర్చువల్ మెషిన్లను నడిపే సాఫ్ట్‌వేర్) చేతికి వస్తుంది. ‘నువ్వు వర్చువల్ మెషిన్‌లో ఉన్నావు’ అని చెప్పే ప్రత్యేక బిట్, దానితో పాటు హైపర్‌వైజర్ తన పేరు చెప్పుకునే చోటు కూడా ఆనవాయితీ అయ్యాయి. వీఎం/370 మొదటి బైటు చేసిన పనే ఇది.

తక్కువ చెప్పడం క్షేమం అనుకునేవారికి 2022 ఒక పాఠం. ఆ ఏడు విడుదలైన రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 9, ఎస్ఎస్ఈ 4.2 వరకు సామర్థ్యాలు ఉన్న రెండో స్థాయి ప్రాసెసర్ ఉంటేనే నడుస్తుంది. సర్వర్‌లో కొత్త చిప్ ఉన్నా, వర్చువల్ మెషిన్‌కు పాతకాలపు నమూనా ప్రాసెసర్‌ను చూపించిన చోట్ల అది బూట్ కాలేదు. మరుసటి ఏడాది, వర్చువల్ మెషిన్లను నడిపే ప్రాక్స్‌మాక్స్ 8 కొత్త వర్చువల్ మెషిన్లకు ఇచ్చే నమూనాను ఆ స్థాయికి పెంచింది.

తర్జుమా చేసే ఎమ్యులేటర్లు

ఆపిల్ 2020లో తెచ్చిన రోజెట్టా 2, ఇంటెల్ ప్రోగ్రాములను తన ఆర్మ్ చిప్‌ల మీద నడిపిస్తుంది. అందులో నడిచే ప్రోగ్రాము ప్రాసెసర్ పేరు అడిగితే ‘వర్చువల్‌ఆపిల్’ అని వస్తుంది. తర్జుమాలో నడుస్తున్నానా అని కెర్నల్‌ను సూటిగా అడిగే మార్గం కూడా ఉంది. ఏవీఎక్స్ ఆదేశాలు మొదట లేవు, సీపీయూఐడీ కూడా లేవనే చెప్పింది. 2024లో మ్యాక్‌ఓఎస్ సెకోయాతో ఏవీఎక్స్2 వరకు చేతనైంది. అయితే ఆటల కోసం ఆపిల్ ఇచ్చే టూల్‌కిట్‌లో ఈ సంగతిని ప్రకటించాలా వద్దా అన్నది ఒక అమరికకు వదిలేసి, మామూలుగా ‘వద్దు’ మీదే ఉంచారు. తర్జుమాలో ఒక ఆదేశం నడవడం వేరు, వేగంగా నడవడం వేరు.

ఫాబ్రిస్ బెలార్ 2003లో విడుదల చేసిన క్యూఎములో ఈ సమస్య ఇంకా లోతుగా కనిపిస్తుంది. పూర్తి యంత్రాన్ని కాక ఒక్క ప్రోగ్రామునే నడిపే పద్ధతి అందులో ఉంది. ఆర్మ్ కోడ్‌ను తర్జుమా చేస్తుంది, సిస్టమ్ కాల్స్‌ను మాత్రం హోస్ట్ (అసలు యంత్రం) లినక్స్‌కు అందిస్తుంది. లినక్స్‌లో ప్రోగ్రాముకు ప్రాసెసర్ వివరాలు తెలిసే దారులు ఒకటి కాదు. ప్రోగ్రాము మొదలయ్యేటప్పుడు కెర్నల్ స్టాక్ మీద పెట్టే సామర్థ్యాల పట్టిక ఒకటి, ‘ప్రాక్’ డైరెక్టరీలోని ‘సీపీయూఇన్ఫో’ ఫైలు మరొకటి. పట్టికను క్యూఎము తానే తయారుచేసేది కాబట్టి అది సరిగ్గా ఉండేది. ఫైలు తెరిస్తే మాత్రం హోస్ట్‌దే కనిపించేది. ఇంటెల్ యంత్రం మీద నడిచే ఆర్మ్ ప్రోగ్రాము ఆ ఫైలులో ‘ఫీచర్స్’ అనే వరుస కోసం వెతికితే, ఇంటెల్ వాడే ‘ఫ్లాగ్స్’ వరుస ఎదురయ్యేది. ఒకే ప్రశ్నకు రెండు పొసగని జవాబులు వస్తే ప్రోగ్రాము దేన్ని నమ్మాలి? వేరే ఆర్కిటెక్చర్ల కంటెయినర్లను క్యూఎముతో నడపడం మామూలయ్యాక ఈ లోపం ఎక్కువమందికి తగిలింది.

ఫైలు తెరిచే సిస్టమ్ కాల్‌ను పట్టుకుని, అప్పటికప్పుడు తయారుచేసిన పాఠాన్ని అందించడమే పరిష్కారం. స్పార్క్, హెచ్‌పీ పీఏ-రిస్క్ వంటివాటికి ఇది ముందు వచ్చింది. 2023 డిసెంబరులో విడుదలైన క్యూఎము 8.2 నాటికి రిస్క్-వీ, ఎస్390, ఆర్మ్‌లకు కూడా అందింది. ఇందులో ఒక్క వివరం హోస్ట్ నుంచే తీసుకుంటారు, అది ప్రాసెసర్ల సంఖ్య. ప్రోగ్రాము థ్రెడ్లు నిజంగా హోస్ట్ ప్రాసెసర్ల మీదే నడుస్తాయి కాబట్టి అదే సరైన లెక్క.

ఆర్మ్ 64-బిట్ లినక్స్ కెర్నల్ 2017లో, 4.11 వెర్షన్‌తో, ఎమ్యులేటర్ లేకుండానే ఇలాంటి పని మొదలుపెట్టింది. గుర్తింపు రిజిస్టర్లను ప్రోగ్రాము చదవబోతే కెర్నల్ పట్టుకుని, వ్యవస్థలోని కోర్లన్నిటికీ వర్తించే విలువలనే ఇస్తుంది. పెద్ద కోర్లు, చిన్న కోర్లు కలిసి ఉండే ఫోన్లలో ప్రోగ్రాము ఎప్పుడు ఏ కోర్ మీద ఉంటుందో చెప్పలేం మరి.

ఎమ్యులేటర్ ప్రకటించాల్సింది హోస్ట్‌లో ఉన్నదాన్ని కాదు, తాను నిజంగా నడిపి చూపగలదాన్ని. అన్ని దారుల్లోనూ అదే మాట చెప్పాలి. ప్రోగ్రాములు రాసేవారు ‘సీపీయూఇన్ఫో’ పాఠాన్ని ముక్కలు చేసి చదవడం, తయారీదారు పేరును బట్టి కోడ్ ఎంచుకోవడం మానాలి. కావలసిన సామర్థ్యం బిట్‌ను సీపీయూఐడీలోనో కెర్నల్ ఇచ్చే పట్టికలోనో చూసుకుంటే, ఆ ప్రోగ్రాము అసలు చిప్ మీదా ఎమ్యులేటర్‌లోనూ ఒకేలా నడుస్తుంది.