నీటి ఒడ్డున మార్జాలం: కృష్ణా డెల్టా బావురుపిల్లి – కథాసంప్రదాయం

ప్రవేశిక

పిల్లికి నీరు గిట్టదన్నది లోకంలో స్థిరపడిన అభిప్రాయం. దానికి భిన్నంగా నీటినే ఆశ్రయించి బతికే అడవిపిల్లి బావురుపిల్లి. ఇంటిపిల్లికి రమారమి రెట్టింపు పరిమాణం, బూడిదరంగు ఒంటిపై నల్లని మచ్చలు, పొట్టి తోక, వేళ్ళ నడుమ కొంతమేర పొర, నీటిని చర్మానికి చేరనీయని దట్టమైన లోపలి బొచ్చు దీని లక్షణాలు. చేప దీని ప్రధానాహారం. దివిసీమలో నాగాయలంక, కోడూరు ప్రాంతాల తీరం వెంబడి ఉన్న మడ అడవులు దీనికి ఆవాసం. నీటి ఒడ్డున నిలిచే పిల్లిని కథాసంప్రదాయం ఎలా చిత్రించిందో, ఆ చిత్రణ నేటి డెల్టాకు ఏం చెబుతుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పేరు – సామెత

ఇదే నీటిలో వేటాడే మరో జంతువును తెలుగువారు నీటికుక్క అన్నారు. బావురుపిల్లి పేరులో మాత్రం నీరు లేదు, చేప లేదు. ‘బావురుమను’ క్రియతో దీనికి ఉన్న ధ్వనిసామ్యం స్పష్టం. రాత్రి సంచారి అయిన ఈ జంతువు కంటికన్నా చెవికే ఎక్కువగా పరిచితమైనదని ఈ పేరునుబట్టి ఊహించవచ్చు. వాడుకలో ఇదే మాట గండుపిల్లికీ, ఇతర అడవిపిల్లులకూ వర్తిస్తుంది. సామెతల్లోని పిల్లి ఇందుకు భిన్నం. పిల్లి శాపాలకు ఉట్లు తెగవన్నప్పుడు కనిపించేది వంటింటి పిల్లి. చేపల పట్టు తెలిసిన పిల్లికి అక్కడ చోటు దొరకలేదు.

కథల్లో అభియోగం

నీటి ఒడ్డు పిల్లికి ప్రసిద్ధమైన కథ మహాభారతం ఉద్యోగపర్వంలో ఉన్నది. గంగాతీరంలో ముందుకాళ్ళు పైకెత్తి తపస్సు నటించిన పిల్లి, తనను నమ్మిన ఎలుకలను ఒక్కొక్కటిగా తింటుంది. మహాబలిపురంలో 7వ శతాబ్దపు పల్లవ శిల్పంలోనూ ఎలుకల నడుమ తపస్సు చేసే పిల్లి కనిపిస్తుంది. అయితే భారతంలో ఈ కథను ధర్మరాజుకు పంపినవాడు దుర్యోధనుడు. ఉలూకుని ద్వారా పంపిన నిందలో అది ఒక భాగం. అంటే కపట మార్జాలం కథ మనకు చేరినది ఒక అన్యాయమైన అభియోగంలో భాగంగానే.

బెంగాల్ షష్ఠీదేవి వ్రతకథలో ఈ అంశం మరింత సూటిగా ఉన్నది. దొంగతనంగా తిన్న చిన్నకోడలు ఆ నేరాన్ని పిల్లిపై మోపుతుంది. ఆ పిల్లి దేవి వాహనం. అది ఆమె బిడ్డలను ఎత్తుకుపోతుంది. ఆమె తప్పు ఒప్పుకున్న తరువాతనే బిడ్డలు తిరిగి దక్కుతారు. బావురుపిల్లి పశ్చిమబెంగాల్ రాష్ట్ర జంతువు కావడం ఇక్కడ గుర్తుచేసుకోదగినది.

చెరువు గట్టు

1977 నవంబరు 19నాటి ఉప్పెన దివిసీమను ముంచెత్తిన తరువాత తీరానికి మడ అడవులు ఎంత అవసరమో మరింతగా తెలిసివచ్చింది. 1989లో కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం ఏర్పడింది. మరోవైపు, 1980ల నుంచి గుడివాడ, కైకలూరు, బందరు ప్రాంతాలలో వరిచేలు చేపల, రొయ్యల చెరువులుగా మారాయి. ఆవాసం కుదించుకుపోగా, చేప మాత్రం గట్టు పక్కనే సమృద్ధిగా దొరికింది. గట్టుపై అడుగుజాడ కనిపించిన పిల్లి సులభంగా దొంగ అయింది. చెరువులో చేప తగ్గడానికి రోగాలు, ప్రాణవాయువు లోపం, నీటిపక్షులు, నీటికుక్కలు కూడా కారణమే. కాని గట్టుపై జాడ వదిలేది పిల్లి కనుక నింద దానిపై పడుతుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో రక్షణ ఉన్నప్పటికీ, ఈ నింద దాని ప్రాణానికి ముప్పు తెస్తున్నది.

ముగింపు

పిల్లి కథలను సాధారణంగా పిల్లి స్వభావాన్ని చెప్పేవిగా చదువుతారు. పై రెండు కథలూ నిజానికి అభియోగం మోపేవారి స్వభావాన్ని చెబుతున్నాయి. ఒకదానిలో దుర్యోధనుడు, మరొకదానిలో చిన్నకోడలు తమ అవసరం కోసం పిల్లిని వాడుకున్నారు. కనుక దివిసీమ పల్లెకారుల, యానాదుల, చెరువు కాపలాదారుల నోట పిల్లి ప్రస్తావన సేకరించే పరిశోధకులు, ఆ మాట ఏ పిల్లిని గురించినదో, ఏ నష్టం జరిగినప్పుడు పుట్టినదో కూడా నమోదు చేయడం అవసరం. ఆ వివరం లేనిదే కథలోని పిల్లినీ, మడలోని పిల్లినీ విడదీసి చూడడం సాధ్యం కాదు.