2035: ఒక తప్పు అంకె పుట్టుపూర్వోత్తరాలు

వాతావరణ మార్పు మీద ఎక్కడ వాదన రేగినా, నమ్మనివాళ్లు మొదట బయటికి తీసే అస్త్రం ఒకటుంది. "హిమాలయాల్లో మంచంతా 2035 కల్లా కరిగిపోతుందన్నారుగా! తర్వాత వాళ్లే తప్పయిందని ఒప్పుకున్నారుగా!" అంటారు. అవతలివాళ్లు నీళ్లు నములుతారు. నిజానికి ఆ అవసరం లేదు. ఆ అంకె ఎక్కడ పుట్టింది, ఏయే చేతులు మారింది, చివరికి ఎవరికి దొరికిపోయింది, అంతా అచ్చులోనే ఉంది. ఇంత స్పష్టంగా జాతకం దొరికే పొరపాట్లు సైన్సు చరిత్రలో తక్కువ.

ఐక్యరాజ్యసమితి నీడన వాతావరణ మార్పును మదింపు చేసే ఐపీసీసీ తన నాలుగో నివేదికను 2007లో వెలువరించింది. ప్రపంచం నలుమూలల నుంచి శాస్త్రజ్ఞులు కూర్చుని, అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ వడపోసి, దాదాపు మూడు వేల పేజీలు రాశారు. ఆ ఏడాదే అమెరికా మాజీ ఉపాధ్యక్షుడు అల్ గోర్‌తో కలిపి ఆ సంస్థకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. నివేదిక రెండో సంపుటంలో పదో అధ్యాయం ఆసియాకు కేటాయించారు. అందులో హిమాలయ హిమానీనదాల గురించి ఒక చిన్న భాగం ఉంది. మన కథంతా అక్కడే.

అక్కడ రాసిందాని సారాంశం ఇది. హిమాలయాల్లోని హిమానీనదాలు ప్రపంచంలో మరెక్కడా లేనంత వేగంగా వెనక్కి తగ్గుతున్నాయి, ఇదే తీరు సాగితే 2035 నాటికి, బహుశా అంతకన్నా ముందే, మాయమయ్యే అవకాశం చాలా ఎక్కువ. ఆ వెంటనే ఇంకో మాట: వాటి విస్తీర్ణం 5 లక్షల చదరపు కిలోమీటర్ల నుంచి 2035 నాటికి లక్షకు పడిపోతుంది.

మాయమైపోయాక ఇంకా లక్ష చదరపు కిలోమీటర్లు ఎలా మిగులుతుంది? పక్కపక్కనే ఉన్న రెండు వాక్యాలు ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయి. అంతకంటే విడ్డూరం, అదే భాగంలో కాస్త పైన హిమాలయ హిమానీనదాల విస్తీర్ణం సుమారు 30 లక్షల హెక్టార్లు అని రాసి ఉంది. వంద హెక్టార్లు ఒక చదరపు కిలోమీటరు కాబట్టి ఇది 30 వేల చదరపు కిలోమీటర్లు. పైన 30 వేలు, కింద 5 లక్షలు! పక్కనున్న పట్టికలో ఇంకో లెక్క చూడండి. ఉత్తరాఖండ్‌లోని పిండారీ హిమానీనదం 1845 నుంచి 1966 దాకా 2,840 మీటర్లు వెనక్కి జరిగింది, అంటే ఏడాదికి సగటున 135.2 మీటర్లు అని వేశారు. 121 ఏళ్లతో భాగించాల్సింది 21తో భాగించారు. సరిగ్గా చేస్తే వచ్చేది 23.5 మీటర్లు. ఐదో తరగతి పిల్లవాడి చేతికిచ్చినా పట్టుకునే తప్పు.

మరి 2035 ఎక్కడి నుంచి వచ్చింది? నివేదిక చూపించిన ఆధారం ప్రకృతి పరిరక్షణ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ 2005లో వేసిన ఒక నివేదిక. అది ఉద్యమ సంస్థ తెచ్చిన పుస్తకమే తప్ప, తోటి శాస్త్రజ్ఞుల పరిశీలనకు నిలిచిన పరిశోధనా పత్రం కాదు. ఆ సంస్థ చూపించిన ఆధారం లండన్ నుంచి వచ్చే న్యూ సైంటిస్ట్ పత్రికలో 1999 జూన్‌లో వచ్చిన కథనం. ఆ కథనానికి ఆధారం ఒక ఇంటర్వ్యూ. ఇచ్చింది అప్పట్లో ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో ఉన్న హిమానీనద శాస్త్రజ్ఞుడు సయ్యద్ ఇక్బాల్ హస్నైన్. అంటే అడుక్కి దిగితే అక్కడ కొలతలూ లేవు, పరిశోధనా పత్రమూ లేదు, ఒక సంభాషణ ఉంది. తాను జ్యోతిష్కుణ్ణి కానని, ఏ సంవత్సరమూ చెప్పలేదని హస్నైన్ గారు తర్వాత అన్నారు.

లక్ష చదరపు కిలోమీటర్ల మాటకు వేరే వంశవృక్షం ఉంది. రష్యా శాస్త్రజ్ఞుడు కోట్ల్యకోవ్ సంపాదకత్వంలో 1996లో యునెస్కో ఒక పుస్తకం తెచ్చింది. ధ్రువ ప్రాంతాలు మినహా భూమి మీదున్న హిమానీనదాలన్నీ కలిపి 5 లక్షల చదరపు కిలోమీటర్ల నుంచి లక్షకు తగ్గుతాయని అందులో ఉంది. ఎప్పటికి? 2350 నాటికి. 1999 ఏప్రిల్‌లో ఢిల్లీ పత్రిక డౌన్ టు ఎర్త్ ఈ అంచనాను ప్రస్తావించినప్పుడు 2350 కాస్తా 2035 అయి కూర్చుంది. ప్రపంచం మొత్తం లెక్క హిమాలయాలకు అంటుకుంది. మూడు శతాబ్దాలు గాలికి పోయాయి. ఐపీసీసీ పేరాలోని వాక్యాలు ఈ కథనంలోని వాక్యాలకు దగ్గర చుట్టాల్లా ఉంటాయి.

ముసాయిదా దశలో ఎవరూ చూడలేదా అంటే, చూశారు. మాయమవడానికీ లక్ష మిగలడానికీ పొంతన కుదరడం లేదని ఒక సమీక్షకుడు రాశాడు. ఇంత పెద్ద మాటను ఎంత నమ్మకంతో అంటున్నారని జపాన్ ప్రభుత్వం అడిగింది. ఇది తప్పని 2006లోనే హెచ్చరించానని ఆస్ట్రియా హిమానీనద నిపుణుడు గేయోర్గ్ కాజర్ తర్వాత చెప్పారు. అయినా పేరా కదల్లేదు. మరో సంపుటంలో మంచు, హిమానీనదాల మీద ప్రత్యేక అధ్యాయమే ఉంది, రాసినవాళ్లు ఆ విద్యలో తలపండినవాళ్లు. ఆసియా అధ్యాయం వాళ్లు ఒక్కసారి వాళ్ల గది తలుపు తట్టి ఉంటే సరిపోయేది. నా దృష్టిలో అంకె తారుమారు కావడం కంటే ఇదే పెద్ద నేరం.

రెండేళ్లపాటు ఆ పేరా ఎవరి కంటా పడకుండా పడుకుంది. విధాన నిర్ణేతల కోసం తయారుచేసిన సంక్షిప్త నివేదికలో అది లేదు. దాన్ని లేపింది మనవాళ్లే. 2009 నవంబరులో కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ ఒక చర్చాపత్రం విడుదల చేశారు. పత్రం రాసింది భారత భూగర్భ సర్వే సంస్థలో డిప్యూటీ డైరెక్టర్ జనరల్‌గా పనిచేసిన విజయ్ కుమార్ రైనా. హిమాలయ హిమానీనదాలు తగ్గుతున్నాయి గానీ అందులో అసాధారణమేమీ లేదని ఆయన వాదన. ఇది చర్చ కోసమే, ప్రభుత్వ అభిప్రాయం కాదని అందులోనే రాసుకున్నారు. దానికీ తోటి శాస్త్రజ్ఞుల పరిశీలన జరగలేదన్నది గుర్తుంచుకోవాలి.

ఐపీసీసీ అధ్యక్షుడు రాజేంద్ర పచౌరీ భగ్గుమన్నారు. ఆ పత్రాన్ని వూడూ సైన్సు అని కొట్టిపారేశారు, అంటే చేతబడి బాపతు అని. శాస్త్రం తరఫున మాట్లాడే పెద్దమనిషి చేయాల్సిన మొదటి పని తన పుస్తకం తెరిచి ఆ పేరా చూసుకోవడం. అది చేయకుండా ఎదుటివాణ్ణి ఎగతాళి చేశారు.

అదే నవంబరులో ఇంగ్లండులోని ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయం వాతావరణ శాస్త్రజ్ఞుల ఈమెయిళ్లు ఎవరో దొంగిలించి బయటపెట్టారు. డిసెంబరులో కోపెన్‌హాగెన్ వాతావరణ సదస్సు. ఆ మెయిళ్ల మీద బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ వరసగా విచారణలు జరిగాయి. మోసం ఎక్కడా తేలలేదు. అడిగినవాళ్లకు సమాచారం ఇవ్వకుండా బిగపట్టారన్న తప్పు మాత్రం తేలింది. అప్పటికే మండుతున్న ఆ పొయ్యిలోకి 2035 వచ్చి పడింది.

గొలుసు మొత్తం పట్టి లాగినవాడు కెనడా ట్రెంట్ విశ్వవిద్యాలయంలో హిమానీనదాల మీద పరిశోధన చేసిన గ్రాహం కోగ్లీ. న్యూ సైంటిస్ట్ కథనం, కోట్ల్యకోవ్ 2350, పిండారీ భాగహారం, అన్నిటినీ ఆయనా మరో ముగ్గురూ కలిసి 2010 జనవరిలో సైన్స్ పత్రికకు లేఖగా రాశారు. ఆ ముగ్గురిలో కాజర్ కూడా ఉన్నారు. వాతావరణ మార్పు బూటకమని అరిచేవాళ్లెవరూ ఈ తప్పు పట్టలేదని గమనించండి. పట్టినవాళ్లు మంచు కరుగుతోందని జీవితమంతా కొలుస్తూ వచ్చినవాళ్లు. అరిచేవాళ్లు తర్వాత వచ్చి జెండా ఎగరేశారు.

2010 జనవరి 20న ఐపీసీసీ ప్రకటన ఇచ్చింది. సరైన ఆధారం లేని అంచనాను వాడామని, తమ నియమాలను తామే సరిగ్గా పాటించలేదని ఒప్పుకుంది. ఇక నివేదికలో మిగతా తప్పుల కోసం వెతుకులాట మొదలైంది. నెదర్లాండ్స్‌లో 55 శాతం నేల సముద్రమట్టానికి దిగువన ఉందన్న మాట కూడా తప్పని తేలింది, నిజానికి అది 26 శాతం. ఆ తప్పు అంకె ఇచ్చింది డచ్చి ప్రభుత్వ సంస్థే. ఐక్యరాజ్యసమితి కోరిక మీద వివిధ దేశాల సైన్సు అకాడమీల ఉమ్మడి మండలి ఐపీసీసీ పనితీరును తనిఖీ చేసి ఆ ఏడాది ఆగస్టులో నివేదిక ఇచ్చింది. అధ్యక్షుడు ఒక్క నివేదిక కాలానికే పరిమితం కావాలని, సమీక్షకుల అభ్యంతరాలకు జవాబు తప్పనిసరి కావాలని, శాస్త్ర పత్రికల్లో రాని సమాచారం వాడితే ఆ సంగతి స్పష్టంగా చెప్పాలని సూచించింది. పచౌరీ మాత్రం 2015 దాకా ఆ కుర్చీలోనే ఉన్నారు.

ఇంతకీ మంచు సంగతేమిటి? 1970లలో అమెరికా గూఢచారి ఉపగ్రహాలు తీసిన ఫొటోలు తర్వాత బయటికొచ్చాయి. వాటిని కొత్త ఉపగ్రహాల కొలతలతో పోల్చి 2019లో ఒక అధ్యయనం వచ్చింది. హిమాలయాల్లో 2,000 కిలోమీటర్ల పొడవున 650 హిమానీనదాలు చూశారు. 1975 నుంచి 2000 దాకా ఏడాదికి పావు మీటరు చొప్పున పలచబడిన మంచు, 2000 తర్వాత అర మీటరు చొప్పున పలచబడుతోంది. అంటే వేగం రెట్టింపు. అదే ఏడాది ఖాట్మండూలోని పర్వత ప్రాంతాల అధ్యయన సంస్థ ఇసిమోడ్ ఇంకో లెక్క చెప్పింది. భూతాపాన్ని 1.5 డిగ్రీల దగ్గర ఆపగలిగినా ఈ శతాబ్దం చివరికి హిందూకుష్ హిమాలయ ప్రాంతంలో మూడో వంతు మంచు పోతుంది. ఇప్పటి తీరే సాగితే మూడింట రెండు వంతులు పోతుంది. దెబ్బ అన్ని నదులకూ ఒకేలా ఉండదు. గంగకు ప్రధాన ఆధారం వానలు, మంచు మీద ఎక్కువగా బతికేది సింధు. మన గోదావరి, కృష్ణలకు హిమానీనదాలతో సంబంధమే లేదు.

2035 ఇంకెంతో దూరంలో లేదు. ఆ ఏడాది హిమాలయాల్లో హిమానీనదాలు ఉంటాయి. కొందరు వాటి ఫొటోలు పంచుకుంటూ సైన్సంతా బూటకమని సంబరపడతారు. అలాంటివాళ్లు మీకు ఎదురైతే, 2035 అన్నది తప్పేనని మొదట ఒప్పుకోండి. తర్వాత, 1975లో అక్కడ మంచు ఎంత మందాన ఉండేదో, ఇప్పుడెంత మిగిలిందో చెప్పమని అడగండి.