ఒకే నేరమునకు రెండు విచారణలు

1911వ సంవత్సరమునకు పూర్వము వేలూరు, గుడియాత్తములు చేరియున్న ఉత్తరార్కాటు జిల్లాకు చిత్తూరే ముఖ్యస్థానము. ఆ యేట చిత్తూరు వేరు జిల్లా అయినది. 1953 అక్టోబరు 1వ తేదీన వేరు రాష్ట్రములోనికే పోయినది. మన బంధుత్వములు మాత్రము సరిహద్దునకు ఇరుప్రక్కలను నిలిచిపోయినవి. కావుననే ఈ ప్రశ్న మనకు అక్కరలేనిది కాదు: గుడియాత్తము కోర్టు నిర్దోషియని విడుదల చేసినవానిని చిత్తూరు కోర్టు అదే నేరమునకు మరల బోనెక్కింపగలదా?

ఎక్కింపజాలదు. రాష్ట్రములు రెండైనను నేరములను గూర్చిన చట్టమొక్కటే. అధికారము గల కోర్టు విచారించి చెప్పిన తీర్పు నిలిచియున్నంతవరకు దేశములో మరి యే కోర్టును ఆ నేరమును తిరుగదోడరాదు. అమెరికాలో ఇట్లు గాదు. రాష్ట్రమును కేంద్రమును వేర్వేరు ప్రభుత్వములు గనుక ఒకే పనికి రెండును విచారింపవచ్చునని అచటి సుప్రీంకోర్టు 2019లో గూడ తీర్పు చెప్పినది. సరిహద్దున బ్రదుకు మనకు ఇచటి యేర్పాటే మేలని తలంతుము.

ఈ నియమము ప్రాచీనమైనది. మతన్యాయస్థానము శిక్షించిన మతాధికారిని రాజు కోర్టు మరల శిక్షింపరాదని 12వ శతాబ్దిలో థామస్ బెకెట్ ఇంగ్లండు రాజైన రెండవ హెన్రీతో వాదించెను. మన దేశమున 1898 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు 403వ సెక్షనులోను, 1973 నాటి కోడు 300వ సెక్షనులోను ఇది యుండెను. 2024 జూలై 1 నుండి నాగరిక సురక్షా సంహిత 337వ సెక్షనుగా నున్నది.

రాజ్యాంగము 20వ అధికరణము రెండవ ఖండము ఇంతకంటె ఇరుకైనది. నెల్లూరు జిల్లాలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యరుగారు సభ్యులుగా నున్న ముసాయిదా సంఘము మొదట “శిక్షింపరాదు” అని మాత్రమే వ్రాసినది. 1948 డిసెంబరులో సభ “ప్రాసిక్యూటు చేసి” అను మాట చేర్చినది. చిన్నమాటయే గాని గుమాస్తాగిరి చేసిన మాబోంట్లకు దాని బరువు తెలియును. శాఖాపరమైన విచారణ ప్రాసిక్యూషను గాదు. ఎస్.ఏ. వెంకటరామన్ అను ఐ.సి.ఎస్. ఉద్యోగి విచారణ మీద డిస్మిస్ అయిన పిదప క్రిమినలు కేసును ఎదుర్కొనవలసివచ్చెను. అది రెండవ శిక్ష గాదని సుప్రీంకోర్టు 1954లో తేల్చినది. అంతకు ముందటి యేడు మక్బూల్ హుసేన్ కేసులోను ఇట్లే జరిగెను. 107 తులాలకు పైగా బంగారమును కస్టమ్సువారు జప్తు చేసికొనిరి. కస్టమ్సువారు న్యాయస్థానము గారు గనుక తరువాతి కేసు చెల్లునని తీర్పు. ఉద్యోగమును పోగొట్టుకొని కోర్టు మెట్లు నెక్కువానికి ఇవి రెండు శిక్షలు గావని యెట్లు నచ్చజెప్పుట? న్యాయమూర్తుల తర్కము మాకు బోధపడినది, మనసొప్పలేదు.

మరికొన్ని మెలికలున్నవి. విడుదల తీర్పుపై ప్రభుత్వము అప్పీలు చేసిన అది పాత విచారణకు కొనసాగింపే. కొట్టిన నేరమునకు శిక్షపడిన పిదప దెబ్బలు తిన్నవాడు ఆ గాయములచే మరణించిన, హత్యానేరమునకు కొత్త విచారణ జరుగవచ్చును. సాక్ష్యము చాలదని విచారణకు ముందే ‘డిస్చార్జి’ చేసిన అది నిర్దోషియను తీర్పు గాదు. రెండవ కోర్టులో అభ్యంతరము చెప్పువాడు మొదటి తీర్పును చూపవలసి యుండును. కనుక కేసు ముగిసిన ఇంటివారు ఉత్తర్వులో ఏ మాట వ్రాయబడినదో చదివించుకొని, సర్టిఫైడు నకలును దస్తావేజులతోబాటు పెట్టెలో భద్రపరచుకొనవలెను.