మగవాళ్ల ఆపరేషన్ రేటు ఎవరు కట్టారు?



వేసెక్టమీకి ఎంత ఖర్చవుద్ది, ఇన్సూరెన్స్ ఉంటే తగ్గుద్దా అని అడిగితే, మన దేశంలో జవాబు తిరగేసి చెప్పాలి. సర్కారు ఆస్పత్రిలో ఈ ఆపరేషన్‌కి మనం డబ్బు కట్టం, వాళ్లే మనకి ఇస్తారు. ప్రైవేటులో చేయించుకుంటే మామూలు హెల్త్ పాలసీలు కు.ని. ఆపరేషన్‌ని మినహాయింపుల్లోనే పెట్టేస్తాయి, కాబట్టి కార్డు ఉన్నా లేనట్టే. ఇంతకీ సర్కారు ఎందుకు డబ్బులిస్తోంది? అక్కడుంది చరిత్ర.

కుటుంబ నియంత్రణ కార్యక్రమం 1952లో మొదలైంది. 1971 జూలైలో కేరళలోని ఎర్నాకుళంలో నెల రోజుల క్యాంపు పెట్టి 60 వేలకు పైగా మగవాళ్లకి వేసెక్టమీ చేశారు. నగదుతో పాటు బియ్యం, బట్టలు కూడా ఇచ్చారు. ఆకలితో ఉన్నోడికి బియ్యం చూపించి సంతకం పెట్టించుకుంటే, దాన్ని ఇష్టం అనాలా?

తర్వాత ఎమర్జెన్సీ. 1976 ఏప్రిల్‌లో కేంద్ర ఆరోగ్య మంత్రి కరణ్ సింగ్ జనాభా విధానం ప్రకటించారు. అందులో రేట్లు చూడండి: ఇద్దరు పిల్లలతో ఆపితే 150 రూపాయలు, ముగ్గురైతే 100, నలుగురు లేదా అంతకంటే ఎక్కువైతే 70. అంటే ఎక్కువ పిల్లలున్న పేదోడికే తక్కువ. కింది ఉద్యోగులకి టార్గెట్లు పెట్టారు, కేసులు తేకపోతే జీతం ఆపారు. 1976-77 ఒక్క ఏడాదిలో 82 లక్షలకు పైగా ఆపరేషన్లు, అందులో ఎక్కువ భాగం మగవాళ్లవే. బలవంతాల సంగతి తర్వాత షా కమిషన్ రికార్డుకెక్కించింది.

1977 ఎన్నికల్లో ప్రభుత్వం పోయింది. మగవాళ్ల ఆపరేషన్ అంటే నాయకులకి భయం పట్టుకుంది. ఆ భారమంతా ఆడవాళ్ల మీద పడింది, ఇప్పటికీ దిగలేదు. 2019-21 సర్వేలో దేశంలో ఆపరేషన్ అయిన ఆడవాళ్లు సుమారు 38 శాతం, మగవాళ్లది 0.3 శాతం. ఆంధ్రాలో ఆడవాళ్లది 70 శాతం దగ్గర! కోత చిన్నది, ప్రమాదం తక్కువ ఉన్నది మగవాళ్లదే. అయినా మన ఊళ్లల్లో "మగోడు బరువు మొయ్యలేడు" అంటారు. అది ఉత్త మాట.

మన ఆదివాసీల్లో ఇంకో రకం అన్యాయం కూడా జరిగింది. 1979లో మధ్యప్రదేశ్ సర్కారు బైగా లాంటి తెగలకి ఈ ఆపరేషన్ చెయ్యకుండా ఆంక్ష పెట్టింది, జనం తగ్గిపోతారని. చాలు అనుకున్న బైగా తల్లికి కూడా తలుపు మూసేశారు. ఒకచోట బలవంతంగా చేశారు, ఇంకోచోట అడిగినా చెయ్యలేదు. రెండుచోట్లా మనిషిని మాత్రం అడగలేదు.

ఇక బీమా. ఇన్నేళ్లూ ఆపరేషన్ చెడితే ఎవరు దిక్కు అన్నదానికి దేశవ్యాప్త ఏర్పాటే లేదు. రమాకాంత్ రాయ్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించాకే 2005 నవంబర్‌లో బీమా పథకం పెట్టారు. 2013 నుంచి అది రాష్ట్రాల చేతికొచ్చింది. అప్పటి రేట్లలో ఆస్పత్రిలో గానీ, ఇంటికొచ్చిన 7 రోజుల్లో గానీ చనిపోతే 2 లక్షలు, ఆపరేషన్ ఫెయిలైతే 30 వేలు.

ఫెయిలైందని అడగాలంటే ఆపరేషన్ సర్టిఫికెట్ కావాలి. వేసెక్టమీకి అది అదేరోజు రాదు, మూడు నెలల తర్వాత వీర్య పరీక్ష చేసి ఇస్తారు. ఏజెన్సీ నుంచి మళ్లీ ఆస్పత్రికి రావాలంటే బస్సు చార్జీ, ఒకరోజు కూలీ పోతాయి. అందుకే చాలామంది రారు. మీ ఇంట్లో ఎవరైనా చేయించుకుని ఉంటే ఆ కాగితం ఉందో లేదో ఈ సెలవుల్లో చూడండి.