బాసెల్ నుంచి లోనీ వరకు: అంతర్జాతీయ ఒడంబడిక అమలు తీరు

ఢిల్లీ ఈశాన్య సరిహద్దును ఆనుకొని ఘాజియాబాద్ జిల్లాలో ఉన్న లోనీ, పాత కంప్యూటర్లు, సెల్‌ఫోన్ల భాగాలను అనుమతి లేకుండా విడదీసే ప్రాంతాల్లో ఒకటిగా వార్తల్లోకి ఎక్కింది. రాగి కోసం తీగలను కాల్చడం, లోహాల కోసం సర్క్యూట్ బోర్డులను ఆమ్లంలో ముంచడం వల్ల సీసం, కాడ్మియం వంటి విషపదార్థాలు గాలిలో, నేలలో కలుస్తాయి. ఆ పని చేసే కూలీలే మొదటి బాధితులు.

ప్రమాదకర వ్యర్థాలు దేశాల సరిహద్దులు దాటడాన్ని బాసెల్ ఒడంబడిక నియంత్రిస్తుంది. 1989లో ఆమోదం పొందిన ఈ ఒడంబడిక 1992 మే 5న అమల్లోకి వచ్చింది. అదే ఏడాది జూన్‌లో భారత్ దానిని ధ్రువీకరించింది.

ధ్రువీకరణ తర్వాత ఏమిటి?

ధ్రువీకరించినంత మాత్రాన ఒడంబడిక భారతదేశంలో చట్టం కాదు. రాజ్యాంగం 253వ అధికరణం ప్రకారం, అంతర్జాతీయ ఒప్పందాల అమలుకు పార్లమెంటు రాష్ట్రాల పరిధిలోని అంశాలపై కూడా శాసనం చేయవచ్చు. 1972 నాటి స్టాక్‌హోం సదస్సు నిర్ణయాల అమలుకు 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. దాని కిందనే 2011లో ఎలక్ట్రానిక్ వ్యర్థాల నియమావళి వెలువడింది. 2016లోనూ, 2022లోనూ దాని స్థానంలో కొత్త నియమావళులు వచ్చాయి. వస్తువును తయారుచేసిన సంస్థే దాని వ్యర్థాల పునర్వినియోగానికి బాధ్యత వహించాలన్నది వీటి మూలసూత్రం.

ఐరోపా సమాఖ్యలో పద్ధతి వేరు. అక్కడ ‘రెగ్యులేషన్’ సభ్యదేశాలలో నేరుగా వర్తిస్తుంది. ‘డైరెక్టివ్’ను గడువులోగా స్వదేశీ చట్టంగా మార్చుకోవాలి. మార్చుకోని దేశాన్ని ఐరోపా కమిషన్ లక్సెంబర్గ్‌లోని న్యాయస్థానానికి ఈడ్చగలదు. బాసెల్ ఒడంబడికకు అటువంటి న్యాయస్థానం లేదు. అమలు భారమంతా ఆయా ప్రభుత్వాలదే.

క్షేత్రస్థాయిలో బాధ్యత

తయారీ సంస్థలు, పునర్వినియోగ కేంద్రాలు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వద్ద నమోదు కావాలి. లోనీలో తనిఖీల బాధ్యత ఉత్తరప్రదేశ్ మండలిది. కూతవేటు దూరంలోని సీలంపూర్ మాత్రం ఢిల్లీ కాలుష్య నియంత్రణ కమిటీ పరిధిలోకి వస్తుంది. ఒకచోట దాడులు జరిగితే సరుకు సరిహద్దు దాటడం తేలిక. కనుక రెండు యంత్రాంగాలు కలిసి పనిచేయడం అత్యవసరం.

2025 జనవరి 1 నుంచి, ప్రమాదకరమైనా కాకపోయినా, ఎలక్ట్రానిక్ వ్యర్థాలన్నింటి ఎగుమతికి దిగుమతి దేశపు ముందస్తు సమ్మతి తప్పనిసరైంది. అయితే దేశంలోనే పుట్టే వ్యర్థాలకు ఈ నిబంధన వర్తించదు. కార్మికులను నమోదు చేయడం, వారికి నైపుణ్య శిక్షణ ఇవ్వడం, విడదీతకు పారిశ్రామిక స్థలం కేటాయించడం రాష్ట్ర ప్రభుత్వాల విధులని 2022 నియమావళి చెబుతోంది. కొలిమిని మూసివేయడంతో పాటు కూలీకి సురక్షితమైన పని చూపినప్పుడే ఒడంబడిక లోనీలో అమలైనట్లు.